చెట్టు లేని గుంత

"నువ్వు మాత్రం తాకొద్దు" అనేసి పోయాడు మునిచంద్ర. కోపంగా అనలేదు. అంబికకు కాలింది అందుకే. కోపంగా అని ఉంటే తనూ ఒక మాట అనేది, మాటకు మాట చెల్లిపోయేది. పొయ్యి మీద పాలున్నాయి చూస్తుండు అన్నంత మామూలుగా, స్కూటరు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, ఇంటి చెప్పులు బల్ల కింద విడిచి గుమ్మం దగ్గర బయటి చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. కుప్పం బస్సు వచ్చే వేళయింది. బస్టాండుకు పోయి అన్న నరసింహుల్ని ఎక్కించుకొని రావాలి. అన్న వచ్చేసరికి కంప్యూటరు నడుస్తూ ఉండాలి, నీలం తెర పడకుండా, తనంతట తాను ఆరిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుకాకుండా. అన్న చూస్తాడు, బాగానే ఉందే అంటాడు, సాయంత్రం తమ్ముడి టమోటా మండీ నుంచి కుప్పం దిక్కు పోయే టెంపోలో వేసుకొని పోతాడు, తన గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసులో పెట్టుకుంటాడు. ఇక్కడుండి ఏం లాభం? ఈ ఇంట్లో దాన్ని వాడేది ఒక్క అంబికే. ఆమె తాకితే అది పడిపోతుంది.

ఆమె తాకితే అది పడిపోతుంది. ఈ మాట మొదట ఎవరన్నారో ఆమెకు గుర్తు లేదు. ఎవరో ఒకరు అని ఉంటే ఆ ఒకరితో పోట్లాడవచ్చు. ఇది గోడలోంచి చెమ్మ ఊరినట్టు ఊరి, ఏడాదిలో ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతైపోయింది, అత్తకు ఉప్పు తక్కువ వేయాలన్నట్టు, ముందుగది తలుపు వానాకాలంలో బిగుస్తుందన్నట్టు. ఇప్పుడామె ఆ ఇనుప బల్ల ముందు, ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని, ఆస్పత్రి వరండాలో పేరు పిలుస్తారని కూర్చున్న మనిషిలా కూర్చుని ఉంది. తెర నలుపులోంచి రంగు రంగుల కిటికీలు ఎగిరి ఎగిరి మీదికి వస్తున్నాయి. పెట్టె లోపల ఫ్యాను గురగురమంటోంది. గది తుడిచి ఎంతోసేపు కాలేదు, కడప బండల మీద తడి ఇంకా ఆరలేదు, అరికాళ్ళకు చల్లగా తగులుతోంది. పాలకు కాపలా కాస్తే కనీసం పొంగే ముందు మంట తగ్గించవచ్చు. ఇదేం కాపలా? ఎవరినుంచి? తన చేతినుంచి దానికి తానే కాపలా. నవ్వు రావాల్సిన సంగతి. నవ్వు రాలేదు.

కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. మామూలు చెయ్యి. చూపుడువేలు మీద కత్తిపీట గాటు, గోళ్ళ సందున పసుపు. పుంగనూరులో టైపు నేర్చుకునే రోజుల్లో మాస్టరు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, చేతుల్ని చూడొద్దు, కాగితాన్ని చూడు అని. ఎంత చెప్పినా కళ్ళు కిందికి జారుతుంటే చేతుల మీద ఒక అట్ట కప్పేవాడు. ఆ అట్ట కింద చీకట్లో వేళ్ళు తమ దారి తామే వెతుక్కునేవి, కరెంటు పోయినప్పుడు ఇంట్లో నీళ్ళబిందె దగ్గరికి నడిచిపోయినట్టు. కొన్నాళ్ళకు అట్ట తీసేసినా చూడాలనిపించలేదు. చేతుల్ని మరిచిపోవడమే ఆ విద్య. టైపు లోయరు పరీక్ష పాసైన రోజు పిండిమిషన్ బెల్టు దించేసి, జొన్నపిండి పట్టిన చేతులతో నాన్న చెంగయ్య ఆమె వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకొని చూశాడు, ఇందులో ఏముందమ్మా ఇంతగా అన్నట్టు. ఆ వేళ్ళే ఇవి. మరిచిపోయి హాయిగా ఉన్న చేతుల్ని ఈ ఇల్లు మళ్ళీ చూసుకునేట్టు చేసింది. పొద్దున లేస్తే చూసుకోవడం, గిన్నె ఎత్తేముందు చూసుకోవడం. ఒంట్లో ఒక భాగాన్ని రోజూ అనుమానంగా చూస్తూ పోతే కొన్నాళ్ళకు అది మనది కాకుండా పోతుంది. ఎవరో ఇచ్చి మరిచిపోయిన వస్తువులా మణికట్టు చివర వేలాడుతూ ఉంటుంది.

కంప్యూటరు తెచ్చింది ఆమె కోసం కాదు. మండీలవాళ్ళందరూ తెచ్చుకుంటుంటే మునిచంద్ర తెచ్చాడు. తెచ్చిన కొత్తలో నాలుగు రోజులు కూర్చున్నాడు, తర్వాత నోటిలెక్కే నయమన్నాడు. మండీలో మూలపడి ఉన్న ఇనుప బల్లొకటి ఇంటికి చేర్చి, దాని మీద పెట్టె పెట్టి, పైన అత్త కుట్టిన పూల గుడ్డ కప్పారు. ఒకరోజు గుడ్డ తీసి దులుపుతూ అంబిక ఊరికే వేళ్ళు ఆనించింది. పదేళ్ళ తర్వాత. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. ఆ మధ్యాహ్నం ఆమెకు ఎందుకో ఏడుపొచ్చింది, ఎవరికీ చెప్పలేదు. తర్వాత కాలేజీ పిల్లలు రావడం మొదలైంది, ఎంసీఏ ప్రాజెక్టులు, బీఈడీ రికార్డులు, అక్కా ఎప్పటికవుతాదక్కా అంటూ. గేటు దగ్గర సైకిళ్ళు ఆగేవి. మునిచంద్ర భార్య అనడం మాని టైపు అక్క అనేవాళ్ళు వీధిలో. పోయిన ఎండాకాలం మొదటిసారి పడింది. తర్వాత వారానికి ఒకసారి, తర్వాత రోజూ. లక్ష్మీప్రియ అనే పిల్ల ప్రాజెక్టు రెండుసార్లు మొత్తం పోయింది, రెండుసార్లూ మళ్ళీ మొదటినుంచి కొట్టిచ్చింది. మూడోసారి ఆ పిల్ల గేటు బయటే నిలబడి, "పర్వాలేదక్కా, నెట్ సెంటర్లో కొట్టించుకుంటాను" అంది, నేలచూపులు చూస్తూ. మర్యాదగల పిల్ల. ఆ మర్యాదకు అంబికకు చెంపలు మండాయి.

ఎందుకు పడుతోందో కనుక్కోవడానికి ప్రయత్నం జరగలేదని కాదు. జరిగింది, ఆమె మీదుగా, ఆమెను దాటుకొని. రిపేరుకు వచ్చే సుదర్శన్ది పుంగనూరు, ఒక లెక్కన ఆమె ఊరివాడే, అయినా మాట్లాడేది మునిచంద్రతోనే. వచ్చీ రాగానే కుర్చీలో రెండు కాళ్ళూ పైకి మడుచుకొని బాసిపట్టు వేసుకుని కూర్చునేవాడు. వైరస్ అనేవాడు. ఫార్మాట్ కొడితే సరి అనేవాడు. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం. ఎవరు కొట్టిందంతా? ఆమె కొట్టిందంతా. తుడిచేముందు ఒక్కసారి, ఇందులో ఏమున్నాయి మేడం, ఏవైనా కావాల్సినవా అని అడగడానికి నోరు రాలేదు అతనికి. ర్యాము మార్చాడు. కరెంటు పెట్టె మార్చాడు. చివరికి మొత్తం ఎత్తుకొని పుంగనూరు పోయాడు, తిరిగి తెచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తు, ఆ రోజు ఆమెతోనే అన్నాడు.

"మా షాపులో రెండ్రోజులు ఆపకుండా పెట్టినా మేడం. సినిమాలు ఆడించినా. ఒగసారి గూడా పడలే."

"ఈడికొస్తే పడతాంది కదప్పా."

"అదే మేడం. ఈడ దీన్ని ఎవురు వాడతారు?"

"నేనే."

అతను చిన్నగా నవ్వి మునిచంద్ర వైపు చూశాడు. మునిచంద్ర కూడా నవ్వాడు. ఆ రెండు నవ్వుల మధ్య నుంచి ఏదో దాటిపోయింది, ఆమె నెత్తిమీదుగా, ఆమె అక్కడ లేనట్టే. ఆ మధ్యాహ్నం మునిచంద్ర పనిగట్టుకొని కూర్చుని కంప్యూటరులో పేకాట ఆడాడు. పొద్దుగూకే దాకా ఆడాడు. అది పడలేదు. కూర చూసి రావడానికి లేచినట్టు లేచి, "ఇప్పుడు నువ్వు కూర్చో" అన్నాడు. కూర్చుంది. చేతులు బల్ల అంచుకు ఆనించింది. రెండు వరసలు కొట్టేలోపల తెర నీలమైపోయింది, తెల్ల అక్షరాలు కిందికి కారిపోయాయి. ఆయన చేతులు రెండూ పైకెత్తి, ఇంక నేనేం చెప్పేది అన్నట్టు చూపించాడు, చూస్తున్న ఎవరికో.

చెప్పింది ఆమె. చెప్పలేదని ఎవరూ అనలేరు. "మణికట్ల దగ్గర జివ్వుమంటాది. చీమలు పాకినట్ట. జివ్వుమన్న కాసేపటికే పడిపోతాది" అని చెప్పింది. మునిచంద్ర వచ్చి అరచెయ్యి బల్ల మీద బోర్లించాడు. పెట్టె మీద పెట్టాడు. "ఏం లేదే" అన్నాడు. "సరిగ్గా పెట్టండి." మళ్ళీ పెట్టాడు. "ఏం లేదు మే. నాకేం తెలీలే. నీకు రక్తం తక్కువుండాదేమో." మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, అదీ ప్రేమగానే. ఐరన్ టానిక్కు. తుప్పు వాసన వేసే ఆ నల్లటి మందు సీసాలు సీసాలు తాగింది అంబిక, పళ్ళు నల్లబడేదాకా తాగింది. పెట్టె జివ్వుమంటే ఆమె నోట్లో మందు పోశారు. సుదర్శన్ టెస్టరు పెట్టినప్పుడు దాని కడుపులో ఎర్రగా మినుకుమనడం తన కళ్ళతో చూసింది, చూపించింది కూడా. "అది కామనే మేడం, అందరిళ్ళలో అట్లే ఉంటాది" అన్నాడు అతను, బాసిపట్టు విప్పకుండా. తన ఒంటికి తెలిసిన సంగతి అబద్ధమని నలుగురు నెమ్మదిగా, విసుక్కోకుండా చెబుతుంటే మనిషి ఏం చేయాలి? మొదట గట్టిగా చెబుతుంది, తర్వాత మెల్లగా చెబుతుంది, తర్వాత తనకే చెప్పుకోవడం మానేస్తుంది. ఈమధ్య జివ్వుమన్నా నిజంగా జివ్వుమందా అని ఒక క్షణం ఆగి అడుగుతోంది తన చేతినే. ఆ ఒక్క క్షణాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది. వాళ్ళు నమ్మకపోవడం సరే. తనెందుకు మానేసింది నమ్మడం?

ఊరగాయతో మొదలైంది అసలు. పెళ్ళైన ఏడాది ఆమె కలిపిన నిమ్మకాయ ఊరగాయకు బూజు పట్టింది. అత్త వెంకటరత్నమ్మ తిట్టలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టరు, అదొక తెగులు. మరుసటేడు జాడీ దగ్గరికి పోతే "నువ్వుండు మే, నేనేస్తా" అంది. అంతే. తర్వాత పెరుగు తోడు వేయడానికి నువ్వుండు మే, కరివేపాకు మొక్క నాటడానికి నువ్వుండు మే. చెయ్యి మంచిది కాదు అన్న మాట ఎవరి నోటా రాలేదు. రావాల్సిన పని లేకుండానే అందరూ దాని చుట్టూ జాగ్రత్తగా నడిచారు. కంప్యూటరు పడేసరికి ఆ మాటకు ఒక సాక్ష్యం దొరికింది, అంతే తేడా. ఎప్పుడో ఒక ఏడాది పట్టిన బూజుకన్నా, రోజూ కళ్ళముందు పడే నీలం తెర గట్టి సాక్ష్యం.

ఇక బావ నరసింహులు. ఆ పెట్టెను ఎత్తుకుపోవడానికి వస్తున్న మనిషి. టమోటా ధర పడిపోయి బుట్టలు బుట్టలు రోడ్డు పక్కన పారబోసిన ఏడాది, తమ్ముడి మండీ చతికిలబడింది కదా అని, కుప్పం నుంచి ఒక వాస్తు మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి ఇల్లంతా తిరిగి, పెరట్లో స్నానాలగది వెనక నిలబడి, వాడుక నీళ్ళు నైరుతి మూలకు పోతున్నాయి, ఇంటి సిరి ఆ నీళ్ళతోనే పోతోంది అన్నాడు. మూడోనాడు మేస్త్రీ వచ్చి కాలువ పూడ్చి, నీళ్ళన్నీ పక్కగోడ వెంబడి ఈశాన్యానికి తిప్పాడు. తర్వాతి పంటకు టమోటా ధర ఎక్కింది, మదనపల్లెలో ఉన్న ప్రతి మండీకీ ఎక్కింది, కాలువ తిప్పినవాళ్ళకూ తిప్పనివాళ్ళకూ ఎక్కింది. అయినా బావ వచ్చినప్పుడల్లా పెరట్లోకి పోయి, కాలువ చూసి, "ఇల్లు నిలబడిందంటే దీనివల్లే" అంటాడు. ఈ ఇంట్లో జరిగిన మంచికంతా కారణం ఆ కాలువ, చెడుకంతా కారణం ఈ చెయ్యి. ఎంత సుళువుగా పంచేసుకున్నారు!

కాళ్ళు చల్లబడుతున్నాయి. కాళ్ళు ముడుచుకోబోతే బల్ల కింద ఏదో మెత్తగా తగిలింది. మునిచంద్ర ఇంటి చెప్పులు. మడమ నొప్పికి చిత్తూరు డాక్టరు రాసిచ్చిన నల్లటి రబ్బరు చెప్పులు, అరంగుళం మందం, ఇంట్లో కూడా వేసుకునే తిరగాలన్నాడు. దేవుడి గది ఉండే ఇంట్లో చెప్పులేందిరా అని అత్త మొదట గోల పెట్టింది, కొడుకు కుంటడం చూసి గమ్మునుండిపోయింది. పోయిన చలికాలం అంబిక మడమలు పగిలి నెత్తురు కారినప్పుడు ఒక జత తెచ్చుకుంటానంటే అదే అత్త, "ఆడమనిషికి ఇంట్లో చెప్పులా, ఎవురన్నా సూస్తే నవ్వుతారు" అంది. వెన్న రాసుకోమంది. ఆ సంగతి గుర్తొచ్చి, ఎందుకో కూడా తెలియని ఒక మంటతో, అంబిక రెండు కాళ్ళూ ఆ చెప్పుల్లో దూర్చింది. మొగుడి చెప్పుల్లో. అంతటితో ఆగలేదు. తాకొద్దన్నాడా? చేతులు తీసి బల్ల అంచు మీద పెట్టింది, రంగు గీసుకుపోయి ఇనుము బయటపడిన చోట, సరిగ్గా ఎప్పుడూ పెట్టే చోట. కళ్ళు మూసుకుంది. జివ్వుమనడం కోసం ఎదురుచూసింది.

రాలేదు.

పెట్టె మీద చెయ్యి పెట్టింది. రాలేదు. వేళ్ళు వాటంతట అవే మొదటి పాఠం అందుకున్నాయి, ఏ ఎస్ డి ఎఫ్, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, పుంగనూరులో అట్ట కింద కొట్టినట్టు. ఒక వరస, పది వరసలు, తెర నిండి పైకి జరగడం మొదలైంది. పడలేదు. ముందుగా వచ్చిన ఆలోచన ఎంత నీచంగా వచ్చిందంటే, తర్వాత ఎన్నాళ్ళైనా దాన్ని క్షమించుకోలేకపోయింది: ఆయన చెప్పులకున్న గుణం కూడా తన చేతికి లేదన్నమాట. ఏడాదిలో మనసు ఎంత బాగా నేర్చుకుంది! తిట్టడానికి ఇంక ఇంకొకరి అవసరమే లేదు. అప్పుడే దోమ కుట్టినట్టై ఎడమకాలు చెప్పులోంచి బయటికి లాగి కుడిపిక్క మీద గీరుకొని, ఆ కాలు నేల మీద పెట్టింది, తడి బండ మీద. జివ్వుమంది. మణికట్ల నుంచి మోచేతుల దాకా చీమలు. తెర నీలమైంది, తెల్ల అక్షరాలు కారాయి, పెట్టె ఒకసారి మూలిగి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

అంబిక కాలు చెప్పులో పెట్టి బల్ల తాకింది: లేదు. కాలు నేల మీద పెట్టి తాకింది: జివ్వు. చెప్పులో: లేదు. నేల మీద: జివ్వు. కొత్తగా స్విచ్చు అందుకున్న చంటిదానిలా మళ్ళీ మళ్ళీ చేసింది. ఆయన పేకాట ఆడినప్పుడు కాళ్ళకు ఈ చెప్పులు. అరచెయ్యి బోర్లించి ఏం లేదే అన్నప్పుడు ఈ చెప్పులు. సుదర్శన్ కాళ్ళు కుర్చీ మీద. తడి బండల మీద ఒట్టి కాళ్ళతో ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి ఈ ఇంట్లో ఒక్కతే, ఆ బండల్ని తుడిచిన మనిషి. బల్లకెక్కిన కరెంటు నేలలోకి పోవాలని చూస్తోంది, దారి లేక ఆమెలోంచి పోతోంది. మరి దాని దారి ఏమైంది?

ఎండాకాలం, పుంగనూరు, పిండిమిషన్ గోడ పక్కన చిన్న గుంత, దాని మీద ఓటి పెంకు. శనివారం శనివారం ఒక బకెట నీళ్ళలో రెండు దోసిళ్ళు కల్లుప్పు కలిపి అందులో పోయడం ఆమె వంతు. బడి పిల్లలు చూసి నవ్వేవాళ్ళు, దీనికి పిచ్చి, ఒట్టి గుంతకు నీళ్ళు పోస్తాంది అని. ఒకరోజు బకెట విసిరేసి ఏడ్చింది. "చెట్టు లేని గుంతకు నీళ్ళేంటికి నాన్నా?" చెంగయ్య మిషన్ చప్పుడు మీద గట్టిగా అరిచి చెప్పాడు: "నేల తడిగా ఉంటే మిషన్లో తప్పిపోయిన కరెంటు ఆడికి పోతాదమ్మా. నేల ఎండిందంటే మనిషిలోంచి పోతాది." అప్పుడది సరిగా వినలేదు. ఏడుపు మీద ఉంది. ఇన్నేళ్ళూ ఎక్కడుందో ఆ మాట, చీకట్లో వేళ్ళు దాచుకున్న అక్షరాల్లా.

ఈ ఇంట్లో ఆ గుంత ఎక్కడ? లేచింది. నడవా దాటి, వంటిల్లు దాటి, పెరట్లోకి. స్నానాలగది వెనక, నైరుతి మూల. ఇల్లు కట్టినప్పుడు ఎవరో తెలిసినవాడే పెట్టి ఉంటాడు, వాడుక నీళ్ళు రోజూ దాని మీదుగా పోయేట్టు, ఎవరూ శనివారాలు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా. సిమెంటు మూత ఎత్తి చూసింది. లోపల మన్ను నెర్రెలిచ్చి పెంకులు పెంకులుగా ఉంది. తుప్పు పట్టిన పైపు చుట్టూ సాలెగూడు. కాలువ తిప్పింది పోయిన ఎండాకాలానికి ముందు. మొదటిసారి పడింది పోయిన ఎండాకాలం. బూజు కాదు, వైరస్ కాదు, రక్తం తక్కువ కాదు, చెయ్యి కాదు. గుంత అంచున అలాగే కూర్చుండిపోయింది. సంతోషం వస్తుందేమో అనుకుంది. రాలేదు. వచ్చింది కోపం, ఇన్నాళ్ళూ ఎటు పోవాలో తెలియక లోపలే తిరిగిన కోపం.

పెరటి వసారాలో అత్త చింతపండు గింజలు తీస్తోంది. అంబిక చూపు ఆమె వేళ్ళ మీద నుంచి చీర చెంగు మీదికి పోయింది, ఆ చెంగు చివర ఎప్పుడూ నలిగి ఉంటుంది. ఎందుకు నలుగుతుందో తనకు తెలుసు. రోజూ చూస్తూనే ఉంది, చూడలేదు.

"అత్తా, ఫ్రిజ్జు తలుపు చెంగుతో యాల పట్టుకుంటారు మీరు?"

"చల్లగా తగులుతాదిలే మే చేతికి."

"చల్లగానా, జివ్వుమనా?"

వెంకటరత్నమ్మ చేతిలో చింతపండు అట్లే ఉండిపోయింది. "నరాలు మే" అంది, గొంతు తగ్గించి. "వయసైపోలా? డాక్టరు గూడా నరాలనే అనె. మాత్రలు మింగతానే ఉండా."

ఒకరికి టానిక్కు, ఒకరికి మాత్రలు. ఒకే ఇంట్లో రెండు ఒట్టి కాళ్ళ జతలు, ఒకదానికి తెలియకుండా ఒకటి. అంబిక ఏదో అనబోయింది. వీధిలో స్కూటరు ఆగింది.

గేటు దగ్గర బావ గొంతు, పలమనేరు దాటినాక బస్సు టైరు పంచరైన కథ చెబుతూ. ఇంటికొచ్చిన పెద్దమనిషి కాళ్ళకు నీళ్ళివ్వడం ఇంటి ఆనవాయితీ. చెంబు కాదు, బకెట తెచ్చిచ్చింది అంబిక. "ఏమ్మా అంబికా, నన్ను స్నానం చేసి రమ్మంటాండావా ఏంది?" అని నవ్వుతూ నరసింహులు చీలమండల దాకా కడుక్కొని, బండల మీద తడి అడుగులు వేసుకుంటూ లోపలికి వచ్చాడు. మునిచంద్ర ముందుగా పోయి ఇంటి చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. తెర వెలుగుతూనే ఉంది, దాని నిండా ఏమీ జరగనట్టు పచ్చిక రంగు. "సూడన్నా, పొద్దున్నుంచి నడస్తానే ఉండాది. తాకకపోతే దీనికేం రోగం లేదు" అన్నాడు. తాకొద్దు అని చెప్పాల్సింది ఇప్పుడు ఆమె. చెప్పలేదు. సంతలో ఎద్దు వీపు చరిచినట్టు నరసింహులు పెద్ద అరచేత్తో పెట్టెను చరిచి, రెండో చెయ్యి బల్ల మీద ఆనించాడు.

"అబ్బా! జివ్వుమనిందిరా మునీ!"

తెర నీలమైంది.

"షాకా అన్నా? షాకు కొడతాందా? అయితే ఇంట్లో ఎర్తు పోయినట్టుండాది! ఇంగ ఇట్లయితే సిస్టమ్ పడకేం చేస్తాది!" మునిచంద్ర గబగబా అన్నాడు. వాకిట్లో స్కూటరు ఇంజను ఇంకా చల్లారలేదు. ఏడాది పొడుగునా ఆమె వాడిన అదే మాట, ఆమె చెప్పిన అదే చోటు. ఒక మగమనిషి అరచేతికి ఒక్కసారి తగిలేసరికి అది రోగం కాకుండా పోయింది, కరెంటు అయింది.

"బావకు గూడా రక్తం తక్కువేమో" అంది అంబిక. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "టానిక్కు సీసా ఒగటి మిగిలుండాది, ఇమ్మంటారా?"

ఎవరూ నవ్వలేదు. నరసింహులు అరచెయ్యి పంచెకు తుడుచుకుంటున్నాడు. మునిచంద్ర ఆమె మొహం చూసి చూపు తిప్పుకున్నాడు. అప్పుడు చెప్పింది, పెరటి గుంత సంగతి, కాలువ సంగతి, చెప్పుల సంగతి.

"అంటే ఏందమ్మా, వాస్తు తప్పంటావా?" అన్నాడు నరసింహులు.

"వాస్తు సంగతి నాకు తెలీదు బావా. నీళ్ళు యాడికి పోతాండాయో అది తెలుసు." మునిచంద్ర వైపు తిరిగింది. "పెట్టె యాడికీ పోదు. టెంపోవాడికి రావొద్దని చెప్పండి."

"సరేలే, ఎలక్ట్రీషియన్ను పిలుచుకొస్తా" అన్నాడు మునిచంద్ర, చెప్పుల వంక చూస్తూ. ఆయన అనాల్సిన మాట అది కాదు. ఏ మాట అనాలో ఆమె చెప్పదలచుకోలేదు. అది ఆయన వెతుక్కోవాలి, అట్ట కింద, చూడకుండా.

వంటింట్లో కల్లుప్పు జాడీ ఎత్తుకొని పెరట్లోకి పోయింది. మొదటి బకెట పోస్తే గుంత ఒక్క గుక్కలో తాగేసింది, బుగబుగమంటూ. రెండోది పోసింది. నెర్రెలు మూసుకోలేదు. మూడోది, నాలుగోది. అరచేతుల్లో ఉప్పు మండింది, చూపుడువేలు గాటు దగ్గర మరీ మండింది, బాగానే ఉంది ఆ మంట, ఉన్నచోట ఉంది. వీధి పిల్లలెవరో గోడ మీదుగా చూశారు. చూడనీ. మన్ను నల్లబడి, మెత్తబడి, ఇంక చాలన్నట్టు నీళ్ళు పైన నిలిచేదాకా పోసింది. కోపం తగ్గలేదు. తగ్గాల్సిన పనీ లేదు. ఇన్నాళ్ళకు దానికొక దారి దొరికింది, అంతే.

సాయంత్రం పాలు లోపల పెట్టడానికి అత్త ఫ్రిజ్జు దగ్గరికి వచ్చింది. చెయ్యి అలవాటుగా చెంగు కోసం పోయింది, సగంలో ఆగింది. చెంగు వదిలేసి, తడి కాళ్ళతోనే, ఒట్టి వేళ్ళతో తలుపు పిడి పట్టుకుంది. పట్టుకొని అట్లే నిలబడింది, ఎవరి నాడో చూస్తున్నట్టు.

"ఏం లేదు మే" అంది.

అంబిక పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. "ఉన్నింది అత్తా."

వెంకటరత్నమ్మ పిడి వదల్లేదు. ముందుగదిలో మగవాళ్ళ మాటలు వినబడుతున్నాయి, ఎర్తు గురించే, ఇద్దరికీ మొదటినుంచీ తెలిసిన సంగతిలా. ముసలామె అటొకసారి చూసి, ఇటు చూసింది.

"ఉన్నింది" అంది. "నాకూ ఉన్నింది."